చర్చకు నిలిచే సుత్తం: తొలి బౌద్ధ సుత్తాల ఎంపికపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: పాళీ నికాయాలలోని సుత్తాలను బృందంగా చదివి చర్చించదలచినప్పుడు వేటిని ఎంచుకోవాలన్నది పైకి కనిపించినంత చిన్న ప్రశ్న కాదు. ఎంచుకున్న సుత్తాలను బట్టే ఆ బృందానికి తెలిసే బుద్ధుడు ఎవరో నిర్ణయమవుతుంది. అశోకుడి భాబ్రూ శాసనంలోని జాబితా, కాలామ సుత్తానికి నేడున్న ప్రచారం, తెలుగు కావ్యాలు స్థిరపరచిన బుద్ధుడి రూపం, గోదావరి తీరంతో ముడిపడిన పారాయణవగ్గం, వర్ణాన్ని చర్చించే సుత్తాలు, తెలుగు అనువాదంలోని చిక్కులు ఆధారంగా ఈ ఎంపికలోని సమస్యలను ప్రస్తుత వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: నికాయాలు, సుత్తం, భాబ్రూ శాసనం, కాలామ సుత్తం, పారాయణవగ్గం, అంబట్ఠ సుత్తం, వేదన.

1. అశోకుడి జాబితా

దీఘనికాయంలో 34 సుత్తాలు, మజ్ఝిమనికాయంలో 152 సుత్తాలు ఉన్నాయి. సంయుత్త, అంగుత్తర నికాయాలలోని సుత్తాలు వేల సంఖ్యలో ఉంటాయి. ఖుద్దకనికాయం తానే ఒక చిన్న గ్రంథాలయం. వీటన్నిటినీ చదివి ఆ తరవాత చర్చ మొదలుపెట్టే బృందం ఎక్కడా ఉండదు. కనుక ఎంపిక తప్పదు. అయితే ఈ అవసరం మన కాలంలో పుట్టినది కాదు. రాజస్థాన్‌లోని బైరాట్ వద్ద 1840లో దొరికి, ప్రస్తుతం కోల్‌కతా ఏషియాటిక్ సొసైటీలో ఉన్న భాబ్రూ శాసనంలో అశోకుడు ఈ పనే చేశాడు. బుద్ధుడు చెప్పినదంతా సుభాషితమేనని ఒప్పుకుంటూనే, ధర్మం చిరకాలం నిలవడానికి ఉపకరిస్తాయని తాను భావించిన ఏడు ధర్మపర్యాయాలను పేర్కొన్నాడు. భిక్షువులు, భిక్షుణులు మాత్రమే కాక ఉపాసకులు, ఉపాసికలు కూడా వాటిని పదేపదే విని మననం చేయాలని కోరాడు. మనకు శాసనరూపంలో దక్కిన బౌద్ధ పఠనప్రణాళికలలో ఇంతకన్నా పాతది లేదు.

ఆ ఏడింటిలో కొన్నింటి గుర్తింపుపై పండితులకు ఏకాభిప్రాయం లేదు. కాని రాహులుడికి చేసిన ఉపదేశం విషయంలో సందేహానికి తావు తక్కువ. రాహులుడి పేరుతో మజ్ఝిమనికాయంలో ఒకటికి మించి సుత్తాలు ఉన్నాయి గనుక, తాను చెప్పేది అసత్యవచనాన్ని గురించిన ఉపదేశమని అశోకుడు ప్రత్యేకంగా విశదీకరించాడు. అది మజ్ఝిమనికాయంలోని 61వదైన అంబలట్ఠిక రాహులోవాద సుత్తమని ఎక్కువమంది అంగీకరిస్తారు. మునిగాథ, మోనేయసుత్తం, ఉపతిష్యప్రశ్న సుత్తనిపాతంలోనివి కావచ్చుననే అభిప్రాయం బలంగా ఉంది. ఈ జాబితాలో లేనివాటిని గమనిస్తే మరింత ఆసక్తి కలుగుతుంది. నేటి పరిచయగ్రంథాలన్నీ మొదటి పుటలలోనే చెప్పే ధమ్మచక్కప్పవత్తన సుత్తం ఇందులో కనిపించదు. ప్రతీత్యసముత్పాదం పేరు వినిపించదు. మౌనం, ఏకాంతజీవనం, భవిష్యత్తులో రాగల భయాలు, అబద్ధం చెప్పకపోవడం: చక్రవర్తి దృష్టి వీటిమీద నిలిచింది. సంఘంలో చీలికల గురించి వేరే శాసనాలలో ఆందోళన వ్యక్తం చేసిన పాలకుడి ఎంపిక ఇదని గుర్తుంచుకుంటే, జాబితా వెనుక ఉన్న ప్రయోజనం కొంతవరకు అర్థమవుతుంది. అశోకుడి విషయంలో ఇంత తేలికగా కనిపించే ఈ ప్రయోజనదృష్టి మన ఎంపికల విషయంలో మన కంట పడదు.

2. అతిపరిచయం వల్ల కాలామ సుత్తానికి జరిగిన నష్టం

తెలుగునాట విద్యావంతుల సమావేశంలో ఏదైనా ఒక సుత్తం చదువుదామంటే మొదట వినిపించే పేరు అంగుత్తరనికాయం తికనిపాతంలోని కాలామ సుత్తం. హేతువాద సాహిత్యం దీనికి విశేష ప్రచారం కల్పించింది. ఎవరు చెప్పినా నమ్మవద్దు, నీ బుద్ధితో పరీక్షించుకో అన్నది దాని సారాంశంగా చలామణి అవుతోంది. ఈ రూపంలో చదివిన బృందానికి చర్చించడానికి ఏమీ మిగలదు. అందరూ ముందే అంగీకరించిన విషయాన్ని రెండు వేల ఏళ్ల నాటి గ్రంథం కూడా అంగీకరిస్తోందన్న సంతృప్తి మాత్రం మిగులుతుంది.

సుత్తాన్ని పూర్తిగా చదివితే పరిస్థితి మారిపోతుంది. కేసపుత్త నిగమంలోని కాలాములు బుద్ధుడి శిష్యులు కారు. వచ్చిన ప్రతి శ్రమణుడూ తన వాదాన్ని పొగిడి ఇతరుల వాదాన్ని దూషించి వెళ్తుంటే ఎవరిని నమ్మాలో తెలియక నలిగిపోతున్న గ్రామస్థులు. వారికి చెప్పిన పది నిషేధాలలో పరంపర, పిటకప్రామాణ్యం, గురువుపై గౌరవం ఉన్న మాట నిజమే. కాని అదే పదింటిలో తర్కం, నయం, ఆకారపరివితర్కం కూడా ఉన్నాయి. అనగా తర్కాన్ని మాత్రమే ఆధారం చేసుకుని నిర్ణయించుకోవద్దని కూడా సుత్తం చెబుతోంది. హేతువాద పఠనం ఈ భాగాన్ని సాధారణంగా వదిలివేస్తుంది. పైగా ఒక ధర్మం అకుశలమని గుర్తించడానికి ఇచ్చిన ప్రమాణాలలో విజ్ఞులు దానిని నిందిస్తారా అన్నది ఒకటి. స్వానుభవం ఒక్కటే చాలదు, వివేకవంతుల అభిప్రాయం కూడా లెక్కలోకి రావాలి. అయితే ఆ విజ్ఞులెవరో నిర్ణయించేది ఎవరు? ఈ ప్రశ్న దగ్గర చర్చ నిజంగా మొదలవుతుంది.

దీనికి చైనా మధ్యమాగమంలో సమాంతర సూత్రం ఉంది. క్రీస్తుశకం నాలుగో శతాబ్దం చివర అనువాదమైన ఆ సంకలనంలో ఇది 16వది. అక్కడ పది నిషేధాల జాబితా కనిపించదు. కాలాములకు స్వయంగా శుద్ధజ్ఞానం లేదు కనుక సందేహంలో చిక్కుకోవద్దని బుద్ధుడు వారికి చెబుతాడు. సందేహించడం సహజమేనంటూ మొదలయ్యే పాళీ పాఠానికి ఇది దాదాపు ఎదురుదిశలో నడుస్తుంది. రెండు పాఠాలలో ఏది ప్రాచీనమన్నది తేల్చడం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. కాని రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివిన బృందం, కాలామ సుత్తాన్ని నినాదంగా వాడుకోవడం అంత సులభం కాదని గ్రహిస్తుంది. భిక్ఖు బోధి 1988లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఈ సుత్తాన్ని సందర్భం నుంచి విడదీసి చదవడాన్ని ప్రశ్నించాడు. ఆ వ్యాసం శ్రద్ధకు ఇచ్చినంత స్థానం ఇవ్వడానికి అందరూ అంగీకరించకపోవచ్చు. అయినా సుత్తానికి దాని శ్రోతలను తిరిగి ఇచ్చినందుకు దానిని పక్కన పెట్టుకుని చదవడం మంచిది.

3. కావ్యబుద్ధుడు, సుత్తబుద్ధుడు

తెలుగు సాహిత్య విద్యార్థికి బుద్ధుడు సుత్తాల ద్వారా పరిచయం కాలేదు. తిరుపతి వేంకటకవుల బుద్ధచరిత్రము, పింగళి కాటూరి కవుల సౌందరనందము, జంధ్యాల పాపయ్యశాస్త్రి కరుణశ్రీ: ఈ దారిలో వచ్చాడు. వీటి వెనుక ఎడ్విన్ ఆర్నాల్డ్, అశ్వఘోషుడు ఉన్నారు. నిద్రిస్తున్న భార్యను, పసికందును చివరిసారి చూసి అర్ధరాత్రి గుర్రమెక్కిన రాకుమారుడు మన సామూహికస్మృతిలో పదిలంగా ఉన్నాడు. అతణ్ని తొలగించడం సాధ్యం కాదు, అవసరమూ కాదు. కాని బృందపఠనం అతని పక్కన ఇంకొకరిని నిలబెట్టగలదు.

అందుకు మజ్ఝిమనికాయంలోని 26వదైన అరియపరియేసన సుత్తం తగినది. అక్కడ బుద్ధుడు తన గృహత్యాగాన్ని కొద్ది మాటల్లో ముగిస్తాడు. నల్లని జుట్టుతో నవయౌవనంలో ఉండగా, ఇష్టంలేని తల్లిదండ్రులు కన్నీటిముఖాలతో విలపిస్తుండగా, తల గొరిగించుకుని కాషాయం ధరించి ఇల్లు విడిచానని చెబుతాడు. అర్ధరాత్రి లేదు. గుర్రం లేదు. భార్యాపుత్రుల ప్రస్తావన లేదు. తల్లి ఏడ్చిందంటున్నది ఈ సుత్తం. బోధిసత్త్వుడు పుట్టిన ఏడు రోజులకు తల్లి మరణిస్తుందని చెప్పే అచ్ఛరియబ్భుత సుత్తం కూడా ఇదే నికాయంలో 123వదిగా ఉంది. ఏడ్చినది పెంపుడుతల్లి మహాపజాపతి అనుకుంటే చిక్కు తీరవచ్చు. కాని సుత్తం ఆ మాట చెప్పదు. నాలుగు నిమిత్తాల కథ దీఘనికాయం మహాపదాన సుత్తంలో పూర్వబుద్ధుడైన విపస్సికి చెందినదిగా కనిపిస్తుంది. గౌతముడికి సంబంధించి అంగుత్తరనికాయంలోని సుఖుమాల సుత్తంలో ఉన్నది వార్ధక్య, వ్యాధి, మరణాల గురించిన ఆలోచన మాత్రమే. రథమూ సారథీ లేరు. కిసా గోతమి ఆవగింజల కథ కూడా అట్ఠకథలది. థేరీగాథలోని ఆమె గాథలలో ఆవాలు లేవు. కావ్యం ఎక్కడ అల్లుకుంది, ఏ ఖాళీని పూరించింది, ఆ పూరణతో ఏమి మారింది అన్న ప్రశ్నలు తెలుగుశాఖలోని పరిశోధకుడికి సొంతవి. బౌద్ధశాస్త్రం చదివినవారికన్నా కావ్యశాస్త్రం చదివినవారే వీటిని బాగా విచారించగలరు.

ఇక్కడ ఒక చిన్న చమత్కారం ఉంది. అంగుత్తరనికాయం దుకనిపాతంలోని పరిసవగ్గంలో బుద్ధుడు రెండు రకాల పరిషత్తుల గురించి చెబుతాడు. ఒకదానిలో గంభీరమైన సుత్తాలు చదువుతుంటే చెవి ఒగ్గరు. కవులు అల్లిన చిత్రాక్షర కావ్యాలు చదివితే శ్రద్ధగా విని నేర్చుకుంటారు, కాని దీని అర్థమేమిటని ఒకరినొకరు అడగరు. రెండోదానిలో పరస్పరం ప్రశ్నించుకుంటారు. సాహిత్యాధ్యాపకులమైన మనకు ఈ సుత్తం కొంత గుచ్చుకుంటుంది. కాని తప్పు కావ్యానిది అని సుత్తం అనదు. అడగకుండా నేర్చుకోవడాన్ని అది ఎత్తిచూపుతోంది.

4. గోదావరి నుంచి వెళ్లిన ప్రశ్నలు

సుత్తనిపాతంలోని చివరి వగ్గమైన పారాయణం తెలుగువారికి ప్రత్యేకంగా ప్రీతిపాత్రం. బావరి అనే బ్రాహ్మణుడు అస్సక దేశంలో గోదావరి తీరాన నివసిస్తూ తన పదహారుగురు శిష్యులను బుద్ధుడి వద్దకు పంపడం దాని ప్రస్తావనాకథ. అస్సకుల రాజధానిని నిజామాబాద్ జిల్లా బోధన్‌తోను, బావరి నివాసాన్ని గోదావరిలోని బాదనకుర్తితోను గుర్తించే అభిప్రాయాలు తెలంగాణ చరిత్రరచనలో వ్యాప్తిలో ఉన్నాయి. అందువల్ల మన ప్రాంతంలో పారాయణవగ్గాన్ని ఎంచుకున్న బృందం చాలా సందర్భాలలో వత్థుగాథలు అనే ఈ ప్రస్తావన దగ్గరే ఆగిపోతుంది. ఊళ్ల పేర్లు, దారి, శిష్యుల ప్రయాణం చర్చించి లేస్తుంది.

ఇది దురదృష్టకరమైన ఎంపిక. పారాయణవగ్గం సుత్తపిటకంలోని అతి ప్రాచీన భాగాలలో ఒకటని పండితులు భావించడానికి కారణం ప్రశ్నలు, వాటి సమాధానాలు. వాటిని సంయుత్త, అంగుత్తర నికాయాలే పేరుపెట్టి ఉదాహరిస్తాయి. పిటకంలోనే చేరిన చూళనిద్దేసం వాటికి పదపదానికీ వ్యాఖ్య రాసింది. అదే చూళనిద్దేసం వత్థుగాథలకు వ్యాఖ్య ఇవ్వలేదు. ఈ భాగం తరవాత చేరి ఉంటుందన్న వాదానికి ఇది ముఖ్యమైన ఆధారం. ప్రాంతాభిమానంతో మనం పట్టుకున్న భాగమే ప్రాచీనత విషయంలో బలహీనమైనది. అలాగని వత్థుగాథలను తోసిపుచ్చమని కాదు. దక్షిణాపథంలో ఒక బ్రాహ్మణాశ్రమం నుంచి ప్రశ్నలు బయలుదేరాయని ఎవరో, ఎప్పుడో చెప్పదలచుకోవడమే విలువైన చారిత్రక సమాచారం. దానిని ఆ స్థాయిలోనే చదవాలి.

ప్రశ్నలలోకి వెళ్తే రెండోవాడైన తిస్స మెత్తెయ్యుడు అడిగినది చూడవచ్చు. లోకంలో సంతుష్టుడెవరు, చలించనివాడెవరు, రెండు అంతాలనూ తెలుసుకుని మధ్యలో అంటనివాడెవరు, ఎవరిని మహాపురుషుడంటావు, కుట్టేదాన్ని దాటినవాడెవరు అన్నది అతని ప్రశ్న. అంతాలు ఏవి? మధ్య ఏది? కుట్టేది ఎవరు? సమాధానగాథ వీటిని విడమరచదు. అంగుత్తరనికాయం ఛక్కనిపాతంలోని 61వ సుత్తం ఇదే ప్రశ్నతో మొదలవుతుంది. ఇసిపతనంలో భోజనానంతరం మండపంలో కూర్చున్న థేరభిక్షువులు ఈ గాథకు అర్థమేమిటని చర్చించుకుంటారు. ఒకరు స్పర్శ ఒక అంతం, స్పర్శోత్పత్తి రెండో అంతం, స్పర్శనిరోధం మధ్య అంటారు. మరొకరు గతం, భవిష్యత్తు, వర్తమానం అంటారు. ఇంకొకరు సుఖం, దుఃఖం, ఆ రెండూ కానిది అంటారు. తరవాతివారు నామం, రూపం, వాటి మధ్య విజ్ఞానం అనీ, ఆరు ఆంతరిక ఆయతనాలు, ఆరు బాహ్య ఆయతనాలు, వాటి మధ్య విజ్ఞానం అనీ, సక్కాయం, దాని ఉత్పత్తి, దాని నిరోధం అనీ చెబుతారు. కుట్టేది తృష్ణ అనడంలో మాత్రం ఆరుగురూ ఏకీభవిస్తారు. భవానికి మనిషిని కలిపి కుట్టేది అదే.

చివరికి ఆరుగురూ బుద్ధుడి వద్దకు వెళ్లి ఎవరిది సరైనదని అడుగుతారు. అందరూ ఒక్కొక్క పర్యాయంలో బాగానే చెప్పారంటూ, తాను ఉద్దేశించినది మాత్రం మొదటిదని ఆయన అంటాడు. ఈ తీర్పులో రెండు మాటలు ఉన్నాయి. అర్థబాహుళ్యానికి అనుమతి ఉంది. వక్త ఉద్దేశం అనేదీ ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండదనే ధోరణి నేటి సాహిత్యసిద్ధాంత చర్చలలో తరచు కనిపిస్తుంది. సుత్తం ఆ రెండింటినీ ఒకే వాక్యంలో కూర్చోబెట్టింది. బృందపఠనాన్ని ఏ సుత్తంతో ప్రారంభించాలని ఎవరైనా అడిగితే నా సమాధానం ఈ సుత్తమే. చర్చించడం ఎలాగో ఉపదేశరూపంలో కాకుండా సంఘటనరూపంలో చూపుతుంది. పైగా ఆ ఆరు సమాధానాలు వరుసగా చదివితే తొలి బౌద్ధచింతనలోని ప్రధాన వర్గీకరణలన్నీ పరిచయమవుతాయి. ధమ్మచక్కప్పవత్తన సుత్తంతో మొదలుపెడితే సాధారణంగా జరిగేది ఉపన్యాసం. ఎప్పటినుంచో తపస్సులో ఉన్న ఐదుగురికి చెప్పిన ఆ సంక్షిప్తపాఠాన్ని విడమరచడానికి ఎవరో ఒకరు లేచి మాట్లాడవలసి వస్తుంది, మిగిలినవారు రాసుకుంటారు.

5. అంబట్ఠుడిని పక్కన పెట్టవచ్చునా?

విశ్వవిద్యాలయాలలో నేడు బౌద్ధం చదువుతున్న విద్యార్థులలో అనేకులు అంబేడ్కర్ ద్వారా అక్కడికి వచ్చినవారు. ఆయన మరణానంతరం 1957లో వెలువడిన బుద్ధుడు, ఆయన ధమ్మం అన్న గ్రంథం కూడా ఒక ఎంపికే. కాని ఆయన ఎంపికకు ప్రమాణాలను దాచలేదు. బుద్ధుడు హేతుబద్ధంగా మాట్లాడినవాడు, మానవసంక్షేమానికి సంబంధంలేని చర్చలోకి దిగనివాడు అన్నవాటిని గీటురాళ్లుగా ముందే పెట్టాడు. నాలుగు ఆర్యసత్యాల స్థానాన్ని సైతం పీఠికలోనే ప్రశ్నించాడు. ఒప్పుకోనివారికి ఎక్కడ ఒప్పుకోకూడదో తెలుస్తుంది. నిష్పాక్షికమైనట్లు కనిపించే అనేక సంకలనాలలో ఈ సౌకర్యం ఉండదు.

వర్ణవ్యవస్థపై చర్చకు సాధారణంగా ఎంచుకునేవి వాసెట్ఠ సుత్తం, అస్సలాయన సుత్తం. మొదటిది చెట్లు, పురుగులు, పక్షుల్లో జాతిభేదం కనిపించినట్లు మనుషుల్లో కనిపించదని వాదిస్తుంది. రెండోది పదహారేళ్ల పండితుడైన అస్సలాయనుడిని మెట్టు మెట్టుగా మౌనానికి చేరుస్తుంది. బ్రాహ్మణస్త్రీలూ అందరిలాగే ప్రసవిస్తారని, యోన కాంబోజాలలో ప్రభువు, దాసుడు అనే రెండు వర్ణాలే ఉన్నాయని, వాటి మధ్య రాకపోకలు సాధ్యమని, మంచి కట్టెతో రగిల్చినా కుక్కతొట్టి కట్టెతో రగిల్చినా నిప్పు నిప్పేనని చెప్పే ఆ వాదక్రమం తరగతిగదికి ఎంతో అనువైనది. వీటితో పేచీ లేదు.

కాని దీఘనికాయంలోని మూడో సుత్తమైన అంబట్ఠ సుత్తాన్ని ఈ జాబితాల నుంచి తప్పించడం న్యాయం కాదు. శాక్యులను హీనంగా మాట్లాడిన అంబట్ఠుడికి బుద్ధుడు అతని వంశమూలం శాక్యుల దాసీ సంతానమని గుర్తుచేస్తాడు. పుట్టుకతో ఎదుటివాడి అహంకారాన్ని కొట్టడానికి పుట్టుకనే ఆయుధం చేసుకున్నట్లు కనిపించే ఘట్టం ఇది. సభలోనివారు అంబట్ఠుడిని దాసీపుత్రుడని ఎగతాళి చేయగానే, ఆ పూర్వీకుడు మహర్షి అయ్యాడని చెప్పి బుద్ధుడే వారిని ఆపుతాడు. ఆ తరవాత వివాహసంబంధాల ఉదాహరణలతో బ్రాహ్మణులకన్నా క్షత్రియులే శ్రేష్ఠులని నిరూపిస్తాడు. చివరగా గోత్రాన్ని లెక్కించేవారిలో క్షత్రియుడు శ్రేష్ఠుడు, విద్యాచరణసంపన్నుడు దేవమానవులందరిలో శ్రేష్ఠుడు అనే గాథను ఉదాహరించి చర్చను మరో తలానికి తీసుకుపోతాడు. ఇది ఎదుటివాడి ప్రమాణాలతోనే అతణ్ని ఓడించే వాదనైపుణ్యమా, లేక క్షత్రియాభిజాత్యం మిగిలిన జాడా? రెండు సమాధానాలకూ పాఠంలో ఆధారం ఉంది. దాసి అన్న మాట అక్కడ అవమానంగా పనిచేస్తున్నదన్న వాస్తవాన్ని ఏ సమాధానమూ పూర్తిగా చెరపలేదు.

ఈ సుత్తం చదివితే విద్యార్థికి బుద్ధుడిపై గౌరవం తగ్గుతుందన్న భయం కొందరు అధ్యాపకుల మాటల్లో ధ్వనిస్తుంది. ఆ భయం విద్యార్థిని తక్కువ అంచనా వేస్తోంది. అస్సలాయన సుత్తం ఒక్కటే చదివినవాడికి సమాధానం దొరుకుతుంది, కాని ఆ సమాధానం ఎంత పోరాటంతో, ఏ భాషా పరిమితుల మధ్య రూపొందిందో తెలియదు. థేరీగాథలో నీళ్లు మోసే పుణ్ణిక ఒక బ్రాహ్మణుడిని నిలదీస్తుంది. స్నానంతో పాపం పోయేటట్లయితే కప్పలూ తాబేళ్లూ స్వర్గానికి పోవాలి కదా అన్నది ఆమె వాదన. అంబట్ఠ సుత్తంలో నిందగా మారిన స్థానం నుంచే ఇక్కడ ఒక స్త్రీ మాట్లాడుతోంది. ఈ రెండింటినీ ఒకే రోజు చదవాలి.

6. తెలుగులో చదవడం గురించి

సుత్తాన్ని ఎంచుకున్న తరవాత దానిని ఏ తెలుగులో చదువుతామన్నది మిగిలిన ప్రశ్న. మౌఖికసంప్రదాయంలో పుట్టిన పునరుక్తులను అనువాదకులు చుక్కలు పెట్టి తొలగిస్తారు. మౌనపఠనానికి అది ఉపకారమే. బృందంలో కనీసం ఒక సుత్తాన్నయినా పునరుక్తులతో సహా బిగ్గరగా చదవాలి. రాహులోవాదంలో చేయబోయే ముందు, చేస్తున్నప్పుడు, చేసిన తరవాత అంటూ కాయకర్మకు, వాక్కర్మకు, మనఃకర్మకు ఒకే వాక్యం తిరిగి తిరిగి వస్తుంటే, మూడోసారికి శ్రోత తనకు తెలియకుండానే తరవాతి మాటను ముందే అనుకుంటాడు. నాగార్జునకొండ శాసనాలు పేర్కొనే దీఘ, మజ్ఝిమ నికాయ వాచకులు పాఠాన్ని అందించినది ఈ విధంగానే అయి ఉండాలి.

పునరుక్తికన్నా పెద్ద చిక్కు తత్సమాలది. పాళీ పదానికి సంస్కృతరూపం తెలుగులో సిద్ధంగా ఉంటుంది కనుక అనువాదకుడు దానినే రాసి ముందుకు పోతాడు. సంఖారం సంస్కారమవుతుంది. కాని తెలుగులో సంస్కారమంటే మర్యాద, కాకపోతే అంత్యక్రియ. సఞ్ఞా సంజ్ఞ అయి సైగగా మారుతుంది. విఞ్ఞాణం విజ్ఞానమై ప్రయోగశాలకు చేరుతుంది. అన్నిటికన్నా ఎక్కువ అపార్థం కలిగించేది వేదన. పాళీలో వేదన సుఖమైనా దుఃఖమైనా రెండూ కానిదైనా అనుభూతి మాత్రమే. తెలుగులో వేదన అంటే బాధ తప్ప వేరేమీ కాదు. సుఖవేదన ఒక అంతం, దుఃఖవేదన మరో అంతం, అసుఖ అదుఃఖవేదన మధ్య అని మెత్తెయ్యప్రశ్నకు మూడో థేరుడిచ్చిన సమాధానాన్ని ఉన్నదున్నట్లు తెలుగు లిపిలో పెడితే, చదివేవాడికి బుద్ధుడు సుఖాన్ని సైతం బాధ అంటున్నాడని అనిపిస్తుంది. బౌద్ధం నిరాశావాదమన్న అభిప్రాయానికి తెలుగులో ఈ ఒక్క పదమూ కొంత దోహదం చేసి ఉండవచ్చు. అనుభూతి అనో అనుభవం అనో రాస్తే ఈ ప్రమాదం తప్పుతుంది, కాని ఐదు ఖంధాల పట్టికలో శాస్త్రపదంగా దానికున్న స్థానం మసకబారుతుంది. రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన చోటల్లా ఆగి, పాళీమూలాన్ని ఒకసారి చదివి ముందుకు సాగే బృందానికి ఒక్క సుత్తానికే రెండు మూడు సమావేశాలు పట్టవచ్చు. ఆ మేరకు సంవత్సరానికి ఎంచుకునే సుత్తాల సంఖ్యను ముందే తగ్గించుకోవలసి ఉంటుంది.